ముట్టుకోకూడని పెట్టె: హెబ్రీ గ్రంథాల్లో భయం, భక్తి, మనం అడగాల్సిన ప్రశ్నలు



ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. డిగ్రీలో చరిత్ర చదువుతున్న హాస్టల్ పిల్లలం మేము. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మాదే. మా రూముల్లో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లున్నారు, ఊరికెళ్తే పెన్ దగ్గర మొక్కేవాళ్లున్నారు, రెండూ చేసేవాళ్లూ ఉన్నారు. అందరం ఎప్పుడో ఒకసారి విన్న మాట ఒకటుంది: "మీ వాళ్లకి అన్నిటికీ భయమే. దాన్ని ముట్టుకోకూడదు, ఇటు పోకూడదు, చెప్పులు విప్పాలి. ఇదంతా చదువు లేకపోవడం వల్ల."

ఈ మాటకు కోపంతో జవాబు చెప్పేకంటే చరిత్రతో చెబుదాం అనుకున్నాం. అందుకే లోకంలో ఎక్కువమంది చదివిన పుస్తకాల్లో ఒకటైన హెబ్రీ గ్రంథాలు (క్రైస్తవులు పాత నిబంధన అంటారు) తీసుకున్నాం. అందులో ఒక పెట్టె ఉంది. దాని చుట్టూ ఉన్న భయాన్ని అర్థం చేసుకుంటే "భయం అంటే అజ్ఞానం" అనే మాట ఎంత తేలికగా అనేస్తున్నారో తెలుస్తుంది. భయాన్ని మనం కూడా ఎక్కడ ప్రశ్నించాలో తెలుస్తుంది.

*ముందు ఆ పెట్టె ఏంటి?*

తెలుగు బైబిల్లో దాన్ని మందసము అన్నారు. హెబ్రీలో మాట "ఆరోన్". అది చాలా మామూలు మాట. ఆదికాండం చివర్లో యోసేపు శవాన్ని ఐగుప్తులో పెట్టిన పెట్టెకీ అదే మాట. తర్వాత కాలంలో గుడి మరమ్మతుల కోసం మూతకి కన్నం పెట్టి డబ్బులు వేయించిన పెట్టెకీ అదే మాట. అంటే పేరులో మహిమ ఏమీ లేదు.

నిర్గమకాండం 25వ అధ్యాయంలో కొలతలున్నాయి. పొడవు రెండున్నర మూరలు, వెడల్పు ఒకటిన్నర మూర, ఎత్తు ఒకటిన్నర మూర. మూర దాదాపు 45 సెంటీమీటర్లు అనుకుంటే పొడవు 112, వెడల్పు ఎత్తు 67 సెంటీమీటర్ల చొప్పున. మన హాస్టల్ ట్రంకు పెట్టెకంటే పెద్దది, అంతే. తుమ్మకర్రతో చేసి లోపలా బయటా బంగారు రేకు తొడిగారు. పైన మూత, మూత మీద రెక్కలు చాచిన రెండు కెరూబులు. నాలుగు ఉంగరాలు, వాటిలో రెండు మోతకర్రలు. ఆ కర్రలు ఉంగరాల్లోంచి ఎప్పుడూ తీయకూడదు. లోపల రెండు రాతి పలకలు.

ఇలా కర్రల మీద మోసే పవిత్రమైన పెట్టెలు ఆ చుట్టుపక్కల దేశాల్లోనూ ఉండేవి. 1922లో హోవర్డ్ కార్టర్ ఐగుప్తులో టుటన్‌ఖామున్ సమాధిని కనుక్కున్నప్పుడు, అందులో మోతకర్రలున్న ఒక పెట్టె, దాని మీద కూర్చున్న నక్క రూపంలో అనూబిస్ దేవుడి బొమ్మ దొరికాయి. అంటే ఇశ్రాయేలీయుల పెట్టె గాల్లోంచి ఊడిపడలేదు. ఆ కాలపు మనుషులకు తెలిసిన రూపమే అది. తేడా ఎక్కడంటే, ఇశ్రాయేలీయుల పెట్టె మీద దేవుడి బొమ్మ లేదు. రెక్కల మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీకే వాళ్లు భయపడ్డారు.

*భయం ఒక పని పద్ధతిగా*

సంఖ్యాకాండం 4వ అధ్యాయం మాకు బాగా నచ్చింది. ఎందుకంటే అది పూజ గురించి కాదు, మోత గురించి. ఎడారిలో దండు కదిలేటప్పుడు ఎవరు ఏది మోయాలో లెక్క ఉంది. లేవీ గోత్రంలో మూడు ఇంటిపేర్లు: గెర్షోను, కహాతు, మెరారి. తెరలు, గుడారం బట్టలు గెర్షోనువాళ్లకి. పలకలు, స్తంభాలు మెరారివాళ్లకి. పెట్టె, బల్ల, దీపస్తంభం లాంటి అతి పవిత్రమైనవి కహాతువాళ్లకి. 7వ అధ్యాయంలో బండ్లు పంచారు. గెర్షోనుకి రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. మెరారికి నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. కహాతుకి ఒక్క బండీ లేదు. వాళ్లది భుజాల మీద మోసే పని.

మోసేవాళ్లు ఆ పెట్టెను ముట్టుకోకూడదు. తెరిచి ఉండగా ఒక్క క్షణం చూడకూడదు కూడా. చూస్తే చావే. అందుకని ముందు అహరోను, అతని కొడుకులు లోపలికి వెళ్లాలి. అడ్డతెర దించి దానితో పెట్టెను కప్పాలి, దాని మీద తోలు, దాని మీద పూర్తిగా నీలం బట్ట వేయాలి. అప్పుడే కహాతువాళ్లు వచ్చి కర్రలు పట్టుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కహాతు ఇంటివాళ్లు నాశనం కాకుండా చూసుకోండి, వాళ్లు బతికేలా ఈ ఏర్పాటు చేయండి అని హెచ్చరిక వచ్చింది పెద్ద యాజకుల వైపుకి. మోసేవాడు చనిపోతే, కప్పాల్సినవాడు సరిగ్గా కప్పలేదన్న మాట. అంటే ఆ భయంలో ఒక బాధ్యత కూడా ఉంది. పైనున్నవాడు కిందున్నవాడి ప్రాణానికి పూచీ. ఈ రోజుల్లో కరెంటు లైను పనిలో మెయిన్ ఆపకుండా మనిషిని స్తంభం ఎక్కించకూడదు అన్నట్టు.

హెబ్రీలో పవిత్రం అనడానికి వాడే "కదోష్" అన్న మాటకి వేరుగా పెట్టినది అన్న భావం ఉందని పండితులు చెబుతారు. "యిరా" అనే మాటకి భయం, భక్తి రెండూ అర్థాలే. తెలుగు బైబిల్ అనువదించినవాళ్లు దీన్ని చాలా చక్కగా పట్టుకున్నారు. భయభక్తులు అని రెండూ కలిపి ఒకే మాట వేశారు. భయం వేరు, భక్తి వేరు అని విడదీసి చూస్తే ఈ కథలు మనకి అందవు.

*పెట్టెను ఆయుధం చేసుకోబోయారు*

సమూయేలు మొదటి గ్రంథం 4వ అధ్యాయం. ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయారు. సుమారు నాలుగు వేలమంది చనిపోయారని రాసి ఉంది. పెద్దలు కూర్చుని ఆలోచించి, షిలోహులో ఉన్న మందసాన్ని యుద్ధానికి తెప్పిద్దాం, అది మనల్ని గెలిపిస్తుంది అన్నారు. పెట్టె రాగానే దండులో భూమి అదిరేలా కేకలు. అవతల ఫిలిష్తీయులకు నిజంగానే భయం వేసింది. గానీ ఆ భయంతో వాళ్లు పారిపోలేదు, ఇంకా గట్టిగా పోరాడారు. ముప్పై వేలమంది చనిపోయారని, పెట్టె పోయిందని గ్రంథం చెబుతుంది. ముసలి యాజకుడు ఏలీకి ఇద్దరు కొడుకులు చనిపోయారన్న వార్త వచ్చింది. దాని తర్వాత పెట్టె పోయిందన్న మాట వినగానే కుర్చీలోంచి వెనక్కి పడి మెడ విరిగి చచ్చిపోయాడు.

ఓడిపోయిన జనం తమ ఓటమిని ఇంత నేరుగా రాసుకోవడం మామూలు విషయం కాదు. ఆ కాలంలో రాజులు గెలుపులే రాయించేవాళ్లు. 1868లో ధీబాన్ దగ్గర బయటపడిన మోయాబు రాజు మేషా శిలాశాసనం (ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది) అలాంటిదే. క్రీ.పూ. 9వ శతాబ్దంది. ఇశ్రాయేలు ఊరు నెబోను పట్టుకుని యెహోవాకి చెందిన వస్తువులను లాక్కొచ్చి తన దేవుడు కెమోషు ముందు పెట్టానని అందులో గొప్పగా చెప్పుకున్నాడు. అంటే పక్కవాళ్ల పవిత్ర వస్తువుల్ని ఎత్తుకెళ్లడం అప్పటి యుద్ధ నీతి. నీ వస్తువు నా గుడిలో ఉంటే నీ దేవుడు నాకు బానిస అని అర్థం.

ఫిలిష్తీయులూ అదే చేశారు. పెట్టెను అష్డోదులో దాగోను గుడిలో పెట్టారు. పొద్దున్నే చూస్తే దాగోను బొమ్మ బోర్లా పడి ఉంది. మరుసటి రోజు తలా చేతులూ విరిగి గడప మీద ఉన్నాయి. ఊళ్లో గడ్డల రోగం వచ్చింది. గాతుకి పంపితే అక్కడా అదే, ఎక్రోనుకి పంపితే అక్కడా అదే. ఏడు నెలల తర్వాత తిరిగి పంపేద్దాం అనుకున్నారు. కొత్త బండి, కాడి మోయని రెండు పాడి ఆవులు. దూడల్ని ఇంట్లో కట్టేశారు. ఆవులు దూడల వైపు వెళ్లకుండా ఇశ్రాయేలు వైపు వెళ్తే ఇది దేవుడి పని, లేకపోతే ఏదో జరిగింది అంతే అని పరీక్ష పెట్టారు. బండిలో అయిదు బంగారు గడ్డలు, అయిదు బంగారు ఎలుకలు కూడా పెట్టి పంపారు. ఆవులు అరుచుకుంటూ నేరుగా బేత్షెమెషు దారి పట్టాయి.

కథ ఇక్కడితో అయిపోతే "మా దేవుడు గొప్ప" అనే కథ అయ్యేది. కానీ బేత్షెమెషులో ఇశ్రాయేలీయులే సంతోషంతో పెట్టె దగ్గరికి చేరి అందులోకి చూశారు. వాళ్లలోనూ మనుషులు చనిపోయారు. హెబ్రీ ప్రతిలో డెబ్బైతో పాటు యాభై వేల అనే అంకె కూడా ఉంది. అంత చిన్న ఊరికి ఆ అంకె పొసగదని చాలామంది కొత్త అనువాదకులు డెబ్బై అనే తీసుకుంటారు. ఆ ఊరివాళ్లు కూడా ఫిలిష్తీయుల్లాగే దీన్ని ఇక్కడినుంచి ఎటు పంపాలి అనే అడిగారు. చివరికి కిర్యత్యారీములో అబీనాదాబు ఇంట్లో ఇరవై ఏళ్లు ఉంది.

మాకు అర్థమైంది ఏంటంటే, ఈ కథలో పెట్టె ఎవరి పక్షానా లేదు. శత్రువునూ కొట్టింది, సొంతవాళ్లనూ కొట్టింది. దేవుడు మన జేబులో ఉన్నాడు అనుకున్నవాళ్లకి ఇది గట్టి హెచ్చరిక. 1926లో లియొనార్డ్ రోస్ట్ అనే జర్మన్ పండితుడు, ఈ మందసం కథలు మొదట్లో విడిగా ఒక కథగా ఉండి తర్వాత పెద్ద గ్రంథంలో కలిశాయని వాదించాడు. ఆ వాదం మీద ఇప్పటికీ చర్చ ఉంది.

*ఉజ్జా ఎందుకు చచ్చిపోయాడు?*

మా రూములో ఎక్కువ గొడవ పడింది ఈ కథ మీదే. దావీదు రాజయ్యాక, యెరూషలేమును రాజధాని చేసుకున్నాక, మందసాన్ని అక్కడికి తెప్పించాలనుకున్నాడు. ముప్పై వేలమందిని వెంటబెట్టుకుని వెళ్లాడు. కొత్త బండి మీద పెట్టారు. అబీనాదాబు కొడుకులు ఉజ్జా, అహ్యో బండి తోలుతున్నారు. నాకోను కళ్లం దగ్గర ఎద్దులు తడబడ్డాయి. పెట్టె పడిపోతుందని ఉజ్జా చెయ్యి చాపి పట్టుకున్నాడు. అక్కడికక్కడే చనిపోయాడు.

పాపం, కాపాడబోయినవాడు కదా! ఇది అన్యాయం అని మాలో కొందరు. నిజంగానే గ్రంథంలో దావీదుకి కూడా కోపం వచ్చింది. ఆ తర్వాత భయం వేసింది. ఆ పెట్టెను తన ఊరికి తీసుకెళ్లడానికి ధైర్యం చాలక ఓబేదెదోము ఇంట్లో దించేశాడు. రాజుకి కోపం వచ్చిందని గ్రంథం దాచలేదు. అంటే ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు.

జవాబు దినవృత్తాంతాల మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో దావీదు నోటే ఉంది. మొదటిసారి లేవీయులు మోయలేదు, పద్ధతి ప్రకారం చేయలేదు, అందుకే ఇలా జరిగింది అని. ఇప్పుడు పైన చెప్పిన బండ్ల లెక్క గుర్తు చేసుకోండి. కహాతువాళ్లకి బండి ఇవ్వలేదు. భుజం మీద మోసేది ఎద్దుల మీద పెడితే తడబడుతుంది. బండి మీద పంపడం ఫిలిష్తీయుల పద్ధతి. రాజు హడావుడి మీద, ఊరేగింపు గొప్ప మీద పోయింది, మోసే పద్ధతి మర్చిపోయారు. తప్పు పైన జరిగింది, ప్రాణం కింద పోయింది. ఈ కథ చదివితే మన ఏజెన్సీల్లో జరిగే ఎన్నో సంగతులు గుర్తొస్తాయి, అవి వేరే పోస్టులో.

ఇంకో సంగతి. ఓబేదెదోమును గిత్తీయుడు అన్నారు, అంటే గాతు ఊరివాడు. చాలామంది పండితులు అతను ఫిలిష్తీయుడనే అనుకుంటారు. రాజు భయపడి వదిలేసిన పెట్టె ఆ పరాయివాడి ఇంట్లో మూడు నెలలుంటే ఆ ఇల్లు బాగుపడింది. అదే పెట్టె ఒకచోట చావు, ఒకచోట దీవెన. వస్తువు మారలేదు, దగ్గరికి వచ్చిన తీరు మారింది. రెండోసారి దావీదు మనుషులతో మోయించాడు. ఆరడుగులు వేయగానే బలి ఇచ్చాడు.

*భుజాల మీద నుంచి రాజధాని గదిలోకి*

చరిత్ర విద్యార్థులుగా ఒక మాట చెప్పాలి. మొదట్లో ఈ పెట్టె గోత్రాలన్నిటిదీ. కదిలేది. షిలోహు కొండల్లో ఉండేది. దావీదు దాన్ని తన రాజధానికి తెచ్చాడు. అతని కొడుకు సొలొమోను గుడి కట్టి లోపలి చీకటి గదిలో పెట్టాడు. గోత్రాల వస్తువు రాజు పక్కకి చేరింది. ఇందులో భక్తీ ఉంది, రాజకీయమూ ఉంది. షిలోహు వెనకబడింది, యెరూషలేము పెరిగింది. గుడిలో పెట్టాక కూడా మోతకర్రలు తీయలేదు, వాటి చివర్లు బయటి గదిలోకి కనిపించేవని రాజుల మొదటి గ్రంథం 8వ అధ్యాయం చెబుతుంది. మాకు ఆ వాక్యం చదివితే మనసు కదిలింది. నేను ఎప్పటికీ ఇక్కడే ఉండేదాన్ని కాదు, నన్ను మోసేవాళ్లు వేరే ఉన్నారు అని ఆ కర్రలు చెప్తున్నట్టు ఉంది.

దావీదు గురించి ఇంకో మంచి మాట కూడా చెప్పాలి. కొడుకు అబ్షాలోము తిరగబడి తాను పారిపోతున్నప్పుడు యాజకులు మందసం వెంట తెచ్చారు. దాన్ని ఊళ్లోకి తిరిగి తీసుకెళ్లమన్నాడు. ఏలీ కొడుకుల కాలంలోలాగా దాన్ని డాలుగా వాడుకోలేదు. భయం నుంచి భక్తి నేర్చుకోవడం అంటే ఇదేనేమో.

*పవిత్ర వస్తువును పగలగొట్టిన రాజు*

అయితే పవిత్రం అన్న ప్రతిదాన్నీ తలకెత్తుకోమని ఆ గ్రంథాలు చెప్పలేదు. ఎడారిలో మోషే స్వయంగా చేసిన ఇత్తడి సర్పం ఉంది. పాము కాటు తిన్నవాళ్లు దాన్ని చూసి బతికారని కథ. వందల ఏళ్ల తర్వాత జనం దానికే ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. మోషే చేసింది కదా అని ఆగలేదు. పనికొచ్చిన వస్తువు కూడా దేవుడి స్థానంలో కూర్చుంటే దించాలి అన్నది అతని పద్ధతి.

యిర్మీయా ప్రవక్త ఇంకా ముందుకెళ్లాడు. ఒక రోజు వస్తుంది, అప్పుడు మందసం గురించి ఎవరూ మాట్లాడరు, దాన్ని తలుచుకోరు, మళ్లీ చేయరు అన్నాడు. క్రీ.పూ. 586లో బబులోనువాళ్లు యెరూషలేమును కాల్చి గుడి కూల్చారు. ఇత్తడి స్తంభాలు, గిన్నెలు, బంగారు వెండి సామాను ఎత్తుకెళ్లిన జాబితా రాజుల రెండో గ్రంథం చివర్లో ఉంది. అందులో మందసం పేరు లేదు. తర్వాత కోరెషు రాజు కాలంలో తిరిగిచ్చిన పాత్రలు 5,400 అని ఎజ్రా గ్రంథం లెక్క రాసింది. అందులోనూ లేదు. రెండో గుడి కట్టారు, లోపలి గది మాత్రం ఖాళీ. క్రీ.పూ. 63లో రోమా సేనాపతి పాంపే ఆ గదిలోకి చొరబడితే లోపల దేవుడి బొమ్మ ఏదీ కనిపించలేదు.

పెట్టె పోయింది, భయభక్తులు పోలేదు. అవి గ్రంథపు చుట్ట మీదికి మళ్లాయి. యూదులు తోరా చుట్టను ఉత్త చేత్తో ముట్టుకోరు. చదివేటప్పుడు చెయ్యి ఆకారంలో చేసిన చిన్న పుల్లతో అక్షరాలు చూపిస్తారు. పాతబడితే పారేయరు, ఒక గదిలో దాచి తర్వాత పాతిపెడతారు. కైరోలో బెన్ ఎజ్రా ప్రార్థనాలయంలో అలా దాచిన గదినుంచే 1896-97లో సొలొమోన్ షెక్టర్ లక్షకు పైగా కాగితపు ముక్కల్ని కేంబ్రిడ్జికి తెచ్చాడు. మధ్యయుగపు వ్యాపారం, పెళ్లిళ్లు, అప్పులు, ఉత్తరాలు అన్నీ వాటివల్లే తెలిశాయి. చూడండి, రాసినదాన్ని పారేయకూడదన్న భయం వెయ్యేళ్ల చరిత్రను కాపాడింది. తోరా చుట్టలు పెట్టే బీరువాను ఇప్పటికీ ఏమంటారో తెలుసా? ఆరోన్ అనే. అదే పాత పెట్టె మాట.

*మనకు ఇందులో ఏముంది?*

ముందే చెప్తున్నాం, పోలిక కనిపించింది కాబట్టి మనమూ వాళ్లూ ఒకటే అనే వాదనలు మేము చేయడం లేదు. అలాంటి పోస్టులు చాలా తిరుగుతున్నాయి, నమ్మకండి. వాళ్ల చరిత్ర వాళ్లది, మనది మనది.

కానీ చూసే చూపు నేర్చుకోవచ్చు. గోండుల పెర్సపెన్‌ను కటోడ చూసుకుంటాడు, అందరూ ముట్టుకోరు. హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మీద రాసిన పుస్తకంలో దీన్ని వివరంగా నమోదు చేశాడు. మేడారంలో సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తెచ్చేది కోయ వడ్డెలే. దీన్ని అజ్ఞానం అనేవాళ్లు ఉజ్జా కథను మాత్రం గౌరవంగా చదువుతారు. ఒకరి భయానికి వేదాంతం అని పేరు, ఇంకొకరి భయానికి మూఢనమ్మకం అని పేరు. ఈ రెండు కొలతలు సరికాదు.

అలాగని మనం కూడా కళ్లు మూసుకోకూడదు. ఆ గ్రంథాలే మాకు నాలుగు ప్రశ్నలు ఇచ్చాయి. ఈ నియమం మోసేవాళ్ల ప్రాణాన్ని కాపాడుతుందా, లేక పైవాళ్ల పెత్తనాన్నా? పవిత్రమైనదాన్ని ఎవరైనా ఓట్ల కోసం, గొడవల కోసం ఆయుధంలా వాడుతున్నారా? గోత్రాలన్నిటిదీ అయినదాన్ని ఎవరైనా తమ గదిలో పెట్టి తాళం వేసుకుంటున్నారా? ఈ భయం వల్ల ఆడపిల్లకో, పరాయి ఇంటివాడికో అన్యాయం జరుగుతుంటే ఓబేదెదోము ఇంటి సంగతి ఎవరైనా గుర్తు చేస్తున్నారా?

మన పెద్దలకి ఎవరు ముట్టాలి, ఎవరు మోయాలి, ఏ బట్ట కప్పాలి, ఏ దారిన రావాలి అన్నీ తెలుసు. సంఖ్యాకాండం 4వ అధ్యాయమంత వివరంగా తెలుసు. తేడా ఒక్కటే. వాళ్లది ఎవరో రాసి దాచారు. మనది పెద్దల నోట్లోనే ఉంది, ఒక్కో పెద్ద పోయినప్పుడల్లా ఒక్కో అధ్యాయం పోతోంది. అందుకే ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి. తాతల్ని, అవ్వల్ని కూర్చోబెట్టి ఎందుకు ముట్టకూడదు అని మర్యాదగా అడగండి. చెప్పకూడనిది వాళ్లు చెప్పరు, దాన్ని గుచ్చి గుచ్చి అడగొద్దు, ఫోటో తీయొద్దు. చెప్పగలిగింది చెప్తారు. అది వాళ్ల మాటల్లోనే, మన భాషలోనే రాయండి.

మేము మా ఊళ్లతో మొదలుపెడుతున్నాం. మీరూ మొదలుపెట్టండి. జోహార్.